తెల్లారి పిలుపు

నవంబరు 9, ఆదివారం

చర్చిలో హెల్గా అత్త ఇవాళ కూడా అమ్మ పక్కనే కూర్చుంది. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుంటే అమ్మ సరిచేసింది. అమ్మకూ చదవడం రాదు. అట్ట మీద బొమ్మ చూసి సరిచేసింది. ఇద్దరూ నవ్వు ఆపుకోలేక దగ్గారు. చదువు వచ్చిన నేను వెనక వరసలో ఉన్నాను.

నవంబరు 10

జీవానందం మామ జర్మనీలోని హాంబర్గ్‌లో ఓడరేవు పని చేసి రిటైరై, భార్య హెల్గా అత్తను తీసుకుని ఊరికి వచ్చాడు. రెండేళ్ల కింద చనిపోయాడు. ఇక ఆమె వెళ్లిపోతుందని అందరూ అనుకున్నారు. వెళ్లలేదు. అరవై తొమ్మిదేళ్లు. అక్కడ సైకిల్ మీద ఉత్తరాలు పంచేదట. మామ అమ్మకు వరసకు అన్న. కాబట్టి ఈమె వదినె. నాకు అత్త.

ఏదో వెబ్‌సైట్ వాళ్లు ఆమెను అడిగారు. పరాయి దేశంలో, పల్లెటూళ్లో, రిటైర్‌మెంట్ హ్యాపీగా గడవాలంటే ఏం కావాలి? పది పాయింట్లు. ఆమె వేళ్లు వంకర్లు పోయాయి, అందుకని నేను టైప్ చేస్తున్నాను. ఒకటి, ఎండ. రెండు, బోరులో నీళ్లు. మూడు, గిద్దలూరు డాక్టరు దగ్గరికి టైముకు బస్సు. నాలుగో దానికి చాలాసేపు ఆలోచించింది. పిలిచే మనిషి కావాలంది. ఫోనా అన్నాను. కాదట. పొద్దున ఐదున్నరకు ఎలీషబా, అంటే మా అమ్మ, గేటు దగ్గర నిలబడి, వదినే, వస్తాండావా అని అరుస్తుంది, ఆ అరుపు వింటే ఈ రోజు నాతో ఎవరికో పని ఉందని తెలుస్తుంది, అంది.

నేను ‘గుడ్ నైబర్స్’ అని కొట్టాను.

నవంబరు 12

మా ఊళ్లో బదులు పని ఉంది. ఒకరోజు నువ్వు నా చేలోకి వస్తే ఒకరోజు నేను నీ పనికి వస్తాను. కూలి ఉండదు. ఎగ్గొట్టినవాళ్లను మళ్లీ ఎవరూ పిలవరు. అమ్మ హెల్గా అత్త పెరట్లో పాదులు తవ్వుతుంది, ఆమె మా చేలో పత్తి తీస్తుంది.

అమ్మ నన్ను మాత్రం ఏ రోజూ పిలవలేదు. చదువుకునే పిల్లవి, నీడన కూసోమ్మా అంటుంది.

మధ్యాహ్నం చేలోకి సద్ది తీసుకెళ్లాను. పత్తి తీసి నడుముకు కట్టుకున్న ఒడి గుడ్డలో వేస్తారు. దొరసానీ, నీ ఒడి నిండేలోపల నా మనవరాలు పెండ్లీడుకొస్తాది అని పొరుగింటి కరుణమ్మ ఎగతాళి చేస్తోంది. అర్థం కాకపోయినా హెల్గా అత్త అందరికంటే గట్టిగా నవ్వింది. అమ్మ అత్త చేతులు ఒళ్లో పెట్టుకుని ఆముదం రాస్తూ ఒక్కో వేలూ సాగదీస్తోంది. నేను వచ్చింది ఎవరూ చూడలేదు.

అయిదో తరగతిలో నన్ను గిద్దలూరు హాస్టల్లో చేర్చారు. అమ్మ నెలకొకసారి వేరుశనగ బుడ్డల ఉండలు తెచ్చేది. తిన్నావా, చదువుతాండావా. పది నిమిషాలకు మాటలు అయిపోయేవి. బీఈడీ అయిపోయి, డీఎస్సీకి చదువుకుంటూ నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉన్నాను. ఇప్పటికీ పది నిమిషాలే. భాష రాని మనిషితో మాత్రం పొద్దు గూకేదాకా మాట్లాడుతుంది.

నవంబరు 14

హాంబర్గ్ నుంచి హెల్గా అత్త చెల్లెలు ఫోన్ చేసిందట. ముసలివాళ్ల హోమ్‌లో గది ఖాళీ అయింది, నెలాఖరులోగా చెప్పాలి. రానని చెప్పేస్తాను, ఎలీషబాను కంగారు పెట్టొద్దు, అంది నాతో.

గది సంగతి వినగానే సంతోషమైంది. రాననేసరికి పోయింది. డైరీలో కూడా అబద్ధం ఎందుకు?

నవంబరు 17, సోమవారం

మబ్బు పట్టింది. రేపు సాయంత్రానికి వాన అంటున్నారు. పత్తి విచ్చుకుని ఉంది. అమ్మ వచ్చి చెప్పింది. రేపు గేటు కాడికి రాలేను, చీకటితోనే ఆటోలో పోతాండాము, వదినెను తెల్లారినాక సీదా చేన్లోకే రమ్మను, ఇదంతా సైగలతో చెప్పలేను, నువ్వు ఇంగిలీషులో చెప్పు, అని.

వెళ్లాను. మనుషులు సరిపోయారట, రేపు మిమ్మల్ని రెస్ట్ తీసుకోమంది అమ్మ, అని చెప్పాను. ఎలీషబాయే అందా అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. రెండుసార్లూ.

నవంబరు 18

వాన మధ్యాహ్నానికే వచ్చింది. సగం పత్తి తడిసింది.

అమ్మ మాటిమాటికీ దారి వైపు చూసిందట. కరుణమ్మే చెప్పింది. మబ్బు చూసి దొరసాని ముసుగు తన్ని పండుకునింది, నీ వదినె మురిపెం ఇంతే ఎలీషబా, అని తానే అన్నదట.

నవంబరు 21

ఇవాళ హెల్గా అత్త పెరట్లో చిక్కుడు పందిరి వేయాలి. అమ్మ వంతు. పోలేదు.

ఐదున్నరకు కిటికీలోంచి చూశాను. ఆమె తన గేటు దగ్గర రెండు టీ గ్లాసులు పట్టుకుని నిలబడింది. ఆరు దాటాక రెండూ మొక్క మొదట్లో పోసి లోపలికి వెళ్లింది.

అమ్మ రోజంతా ఇంట్లోనే, నాతోనే ఉంది. నేను కోరుకున్నది ఇదే. తిన్నావా అని అడిగింది. కాసేపటికి మళ్లీ అడిగింది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

నవంబరు 24

హెల్గా అత్త పిలిచి నాలుగో పాయింట్ తీసేయమంది. చెల్లెలికి సరే అని చెప్తుందట. ఒక్క మాట అడిగింది. నేనేం తప్పు చేశాను జెస్సీ, మా దేశంలో అయితే ముఖం మీదే చెప్పేస్తారు, ఇక్కడ ఎట్ల తెలుసుకోవాలి, అని.

డిలీట్ కొట్టాను.

అదే రోజు, సాయంత్రం 6

అమ్మకు చెప్పేశాను. మరకల పత్తి ఏరుతోంది. తిట్టలేదు. ఏరడం కూడా ఆపలేదు. నాకు నోరు లేనిచోట నువ్వు నోరైతావని గదా, అంత చిన్న పిల్లను హాస్టల్లో ఇడిసిపెట్టి ఏడ్సుకుంటా వచ్చింది, అంది.

మరి నన్నెందుకు ఒక్కరోజూ పిలవలేదు అన్నాను. అరిచినట్టే అన్నాను. పని నేర్సుకుంటావని భయం పాపా, అంది. నేర్సినోళ్లను పని ఇడిసిపెట్టదు.

ఇంకో గుప్పెడు ఏరి, బదులు ఎగ్గొట్టింది వదినె కాదు, నువ్వు, నువ్వే తీర్చాల, అంది.

నవంబరు 25

వెళ్లి ఉన్నదంతా చెప్పాను. హెల్గా అత్త జర్మన్‌లో ఏదో చాలాసేపు మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. మొత్తం అర్థమైంది. తర్వాత లాప్‌టాప్ నా ముందుకు తోసి నాలుగో పాయింట్ మళ్లీ కొట్టించింది. ఈసారి తన మాటల్లోనే. పక్కన నిలబడి ప్రతి అక్షరం చూసింది. టీ ఇవ్వలేదు.

చెల్లెలికి ఇంకా ఏమీ చెప్పలేదట. నెలాఖరుకు ఐదు రోజులుంది.

నవంబరు 26

ఐదున్నర. వీధిలో అమ్మ అరుపు. వదినే, వస్తాండావా. గేటు చప్పుడైంది. తర్వాత నా పేరు. తర్వాతే.

ఒడి గుడ్డ కట్టుకోవడం నాకు రాలేదు. హెల్గా అత్త కట్టింది. ఊపిరాడనంత గట్టిగా కట్టింది.