నాలుగో పాటలో ఆడగొంతు

మాయాబందర్

చిరంజీవి యుగంధర్‌కి, పెద్దమ్మ మహాలక్ష్మమ్మ ముందు దీవించి, ఆ తర్వాత అనుమానపడి రాస్తున్న ఉత్తరం.

నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ అందింది. మీ ‘ఉప్పుగాలి’ బ్యాండు ఇన్నాళ్లూ తీసిన పాటల వీడియోలన్నీ ఒక్కచోట చేర్చామన్నావు. సంతోషం. మీ పెదనాన్నా నేనూ కూర్చుని అన్నీ చూశాం. నలుగురు మగపిల్లలు ఉన్నారు, ఒక్కడి చేతిలోనూ డప్పు లేదు, సన్నాయి లేదు. బటన్లు నొక్కుతున్నారు, వైర్లు పీకుతున్నారు. కరెంటాఫీసులో పని దొరికిందేమో అనుకున్నాను. మొదటి పాటలో సిప్పీఘాట్ నీళ్లలో నడుం లోతున నిలబడ్డావు. జలుబు చేయలేదు కదా?

అసలు సంగతి అది కాదు. నాలుగో పాటలో ఒక ఆడమనిషి గొంతు వస్తుంది. “బేగి రావయ్యా, కూడు సల్లారిపోతన్నాది” అని మళ్లీ మళ్లీ పిలుస్తుంది. మనిషి మాత్రం కనిపించదు. గొంతు చూస్తే పాత లాంచీ హారన్. పోర్ట్‌బ్లెయిర్‌లో నీకు వండిపెట్టి, రావయ్యా అని పిలిచే చనువు ఎవరికుంది? మీ అమ్మకు చెప్పకుండా పెళ్లి చేసుకున్నావా? నిజం రాయి.

ఇట్లు,
నీ మేలు కోరే, నీ మాట నమ్మని పెద్దమ్మ.

తా.క. ఫోన్‌లోనే అడిగేదాన్ని. కానీ నేను ఇంట్లో మాట్లాడితే జెట్టీ దాకా వినిపిస్తుందట. నాది మెత్తటి గొంతే. ఈ ఊళ్లో గోడలు పల్చన.


పోర్ట్‌బ్లెయిర్

పెద్దమ్మకి, యుగంధర్ కొంచెం భక్తితో, ఎక్కువ భయంతో నమస్కారాలు.

బడి వదిలాక తెలుగు రాయడం ఇదే, తప్పులుంటే మాఫ్ చెయ్యి. నాకు పెళ్లి కాలేదు, కసమ్. మా గదిలో ఆడవాళ్లెవరూ లేరు. వంట మేమే చేసుకుంటాం, ఎక్కువసార్లు మాడుస్తాం. మా సంగీతంలో ఏ శబ్దం దొరికినా రికార్డు చేసి, ముక్కలు చేసి, తాళంలో కలుపుతాం. దాన్ని శాంపిల్ అంటారు. నాలుగో పాటలోది శాంపిల్, అంతే. ఆ గొంతు వల్లే ఆ పాట ద్వీపాల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్ దాకా పాకింది. దాని గురించి ఇంతకంటే అడగొద్దు.

ఉంటాను,
నీ కొడుకులాంటి యుగంధర్.

తా.క. జలుబు చేసింది.


మాయాబందర్

యుగంధర్‌కి, ఈసారి దీవెనలు ఆపి ఉంచిన పెద్దమ్మ రాస్తున్నది.

శాంపిల్ అంటే నాకు తెలియదనుకున్నావా? సబ్బు కొనే ముందు చిన్న ముక్క ఇస్తారు, అది శాంపిల్. అంటే నిండు మనిషి ఇంకెక్కడో ఉందన్నమాట.

ఆమె నీ మనిషి కాదని నాకు ఇప్పుడు అర్థమైంది. అంతకంటే ఘోరం జరిగింది. మీ పెదనాన్న పెళ్లైనప్పటి నుంచీ టీవీలో తుఫాను కబుర్లు తప్ప ఏమీ చూసినవాడు కాదు. ఇప్పుడు బోటు ఒడ్డుకు రాగానే కాళ్లయినా కడగకుండా నాలుగో పాట పెట్టుకుంటున్నాడు. నవ్వుకుంటున్నాడు కూడా. ఆమె తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. ఎక్కడుంటుందంటే కంచం ముందుకు జరిగి కూర్చున్నాడు. ఆ గొంతులో అంత ఏముందని నిలదీస్తే ఒకటే మాట అన్నాడు.

“సముద్రం మీద బాగుంటాది.”

చేపలకు ఐసు కోసమని ఈ మనిషి నెలకు రెండుసార్లు డిగ్లీపూర్ వెళ్తాడు. ఐసు ఇక్కడ దొరకదా? నాలుగో పాటను జెట్టీలో చేపలమ్మే కాళమ్మకు వినిపించాను. కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది. ఆమె చెల్లెలూ అంతే. ఊరందరికీ తెలుసు, నాకే తెలియదు. రిమోట్ బియ్యం డబ్బాలో దాచి, మీ పెదనాన్నతో మాటలు మానేశాను. ఆమె పేరు, ఊరు రాయి. రాయకపోతే బస్సెక్కి వస్తాను.

ఇట్లు,
కాపురం కూలిపోతున్న పెద్దమ్మ.

తా.క. మాటలు మానేసిన సంగతి ఆయనకు తెలియదేమోనని రోజుకు మూడుసార్లు చెబుతున్నాను.


పోర్ట్‌బ్లెయిర్

పెద్దమ్మకి, వణుకుతూ యుగంధర్.

బస్సెక్కకు. ఆ గొంతు మేము రికార్డు చేసింది కాదు. పెదనాన్న ఫోన్‌లో ఉంటే నేనే అడిగి తీసుకున్నాను. “మీ పెద్దమ్మకి సెప్పకురా” అన్నాడు, నేను మాటిచ్చాను. అందుకే పేరు రాయలేను. ఆయన్నే అడుగు. పెదనాన్న మంచివాడు, భరోసా ఉంచు.

ఇట్లు,
ఇద్దరి మధ్య నలిగిన యుగంధర్.

తా.క. అబద్ధం రాయలేక ఇది కూడా చెబుతున్నాను. ఆమె గొంతు ఆ ఫోన్‌లో ఒక్కటి కాదు, ఇంకా చాలా ఉన్నాయి.


మాయాబందర్

చిరంజీవి యుగంధర్‌కి, పెద్దమ్మ ఆపిన దీవెనలు కూడా కలిపి పంపుతున్నది.

నీ ఉత్తరం చదివి తిన్నగా జెట్టీకి వెళ్లాను. సాక్ష్యానికి కాళమ్మను వెంట తీసుకెళ్లాను. మీ పెదనాన్న వల సర్దుకుంటున్నాడు. ఫోన్ ఇమ్మన్నాను. ఇచ్చాడు. ఒక్కొక్కటీ నొక్కించి విన్నాను. ఒకదాంట్లో ఆ ఆడది కూటికి పిలుస్తుంది. ఒకదాంట్లో చేపలబుట్ట ఎక్కడ పడేశావని తిడుతుంది. ఇంకోదాంట్లో మీ అమ్మను ఆడిపోసుకుంటుంది, పట్టుకెళ్లిన కుక్కర్ తిరిగివ్వలేదని. నా రక్తం మరిగింది. కుక్కర్ సంగతి అక్కచెల్లెళ్ల మధ్యది. ఇంటి గుట్టు కూడా దానికి చెప్పావా అని అడిగాను.

ఆయన వల కింద పెట్టాడు.

“అది నువ్వేనే. ఇంకెవులుంటారు?”

నా గొంతు అలా ఉండదన్నాను. “అలాగే ఉంటాది వదినా” అంది కాళమ్మ. జెట్టీలో ఉన్నవాళ్లంతా తలలూపారు.

ఎందుకు దాచుకున్నావని అడిగాను. ఆయన చేతులు తుడుచుకుని చెప్పాడు. ద్వీపం కనుమరుగైతే ఫోన్‌కు టవర్ అందదట. వలేసి ఇంజను ఆపేస్తే చుట్టూ అంతా నిశ్శబ్దమట. నేను ఒడ్డున నిలబడి అరిచినప్పుడల్లా బటన్ నొక్కి ఉంచుకున్నాడట.

“నువ్వు తిడతంటే ఇంటికాడ ఉన్నట్టుంటాది” అన్నాడు.

జనం చూస్తున్నారని, ఆయన పక్కనే కూర్చుని వల చిక్కులు తీశాను. ఇంటికొచ్చాక రిమోట్ తీసి ఇచ్చాను. నాలుగో పాట ఇద్దరం కలిసి విన్నాం. ఆ గొంతు ఇంకాస్త పెంచితే బాగుంటుంది, మీ బటన్ల మోతలో సరిగా వినిపించడం లేదు.

ఇట్లు,
నీ శాంపిల్ పెద్దమ్మ.

తా.క. ఇక మీదట వినడానికి బాగుంటాయని, మెత్తగా రెండు మంచి మాటలు పలికి ఆయన ఫోన్‌లో రికార్డు చేయించాను. విని, “ఇదెవులో నాకు తెల్దు, పాతామే ఉండనీ” అన్నాడు.