జానెడు చోటు

ఔక్యా అక్కకు,

పోయిన ఉత్తరంలో మీ మేడమీది గది నాకు కావాలని అడిగాను. ఇక అక్కర్లేదు, ఎవరికైనా ఇచ్చెయ్యి.

నీ మరిది వీబె సంగతి నీకు తెలియనిది కాదు. నలభై ఏళ్ళు సరుకు పడవ నడిపిన మనిషి, దాన్ని అమ్మేసి ఈ ఇంటికి వచ్చాక మాట్లాడటమే మానేశాడు. పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని, పెరట్లో పరిచిన రాతిపలకల్ని చూసేవాడు. నేనేం అడిగినా "ఊ" అనేవాడు. ఆరు నెలలు భరించి, నావల్ల కాక నీకు అలా రాశాను.

సెప్టెంబరులో పక్కింటి ఈనెకె కంచె మీదుగా తొంగిచూసి, "ఏం కెప్టెన్‌గారూ, ఈ కాస్త జాగాలో పడవ తిప్పలేమని దిగులా?" అంది. ఆయన లేచి బయటికి వెళ్ళాడు.

"మా పడవలో వంటిల్లు ఇందులో సగం. చోటు చాలలేదని మేమిద్దరం ఒక్కనాడూ పోట్లాడుకోలేదు," అన్నాడు.

ఆ రోజే పలకలు పెకలించడం మొదలుపెట్టాడు. అంచుల వెంట మోకాలెత్తు పొదలు నాటాడు. గోడకు మడతబల్ల బిగించాడు. ఒక్క కుండీలోనే ట్యులిప్ దుంపలు మూడు వరసలుగా, ఒకదాని మీద ఒకటి పాతాడు.

నిన్న పియర్ మొక్క తెచ్చాడు. కొమ్మల్ని అటూ ఇటూ చాపి గోడకు ఆనించి పెంచుతాడట, అలా అయితే జానెడు చోటు చాలట. నన్ను కొమ్మ పట్టుకోమని, గోడకు బిగించిన ఇనుప తీగకు దాన్ని కడుతూ, "కాపుకు మూడేళ్ళు పడుతుంది. పళ్ళు నువ్వే కొయ్యాలి," అన్నాడు.

అలాగేనన్నాను.

నీ చెల్లెలు