కొండ చెరువులో కలుపు

అక్కకి,

నేను క్షేమమే, అంటే జ్వరం, దగ్గు లాంటివి లేవు. నువ్వూ, బావగారూ, పిల్లలూ అంతకంటే మెరుగ్గానే ఉన్నారనుకుంటాను.

థీసిస్ ఎప్పటికి తెములుతుందని అడిగావు. ఆ ఒక్క మాట అడగొద్దని కిందటిసారే బతిమాలుకున్నాను, అయినా నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. చెరువుల దగ్గర నేనేం వెలగబెడుతున్నానో బావగారికి అర్థం కాలేదట. ఆయనకి ఇలా చెప్పు. ఊళ్లో ఒక చెరువుంది. హోటళ్ల మురుగు, బట్టల సబ్బునీళ్లు, పడవ షికార్లు అన్నీ దాని నెత్తినే. కొండ మీద ఇంకో చెరువుంది, అక్కడికి మనుషులు పోరు. రెండింటిలోనూ వల వేసి, దొరికిన పురుగూ పుట్రా పోల్చి చూస్తే మనిషి వల్ల చెరువుకి ఎంత చేటో తెలుస్తుంది. నాలుగేళ్లుగా నేను వెలగబెడుతున్నది అదే.

ఇప్పుడా పోలిక కాస్తా మట్టికొట్టుకుపోయింది. ఊరి చెరువులో ఉండే కలుపు కొండ చెరువులోనూ మొలిచింది. ఒడ్డు పొడుగునా దుప్పటిలా కప్పేసింది, కింద ఉన్నవాటికి వెలుతురు లేదు, గాలి ఆడదు. పీకేకొద్దీ పుడుతోంది. నీళ్లలో నాని నా చేతులు పుండ్లు పడ్డాయి. ఎవరి మీద అరవాలో తెలియక మా జీపు డ్రైవర్ మీద అరిచాను. ఆయన వెళ్లి టీ తెచ్చిపెట్టాడు. దాంతో ఇంకా ఒళ్లు మండింది.

ఇక చుట్టూ తిప్పి లాభం లేదు. ఆ కలుపు తెచ్చింది నేనే అక్కా.

ఒక చెరువులో వాడిన వల ఇంకో చెరువులో దించకూడదు. కొత్తగా చేరినవాళ్లకి ఆ నియమం నేర్పేది కూడా నేనే. వానలకి ముందు కొండ చెరువు వల చిరిగింది. కొత్తది తెప్పిస్తే నెల ఆలస్యమని, ఊరి వలనే జాడించి తడితడిగా పట్టుకుపోయాను. కలుపు ముక్క గోరంత చాలు. నేను వల దించే రాయి దగ్గరే మొదట మొలిచింది, అక్కడికి నేను తప్ప ఎవరూ రారు. ఆపరేషన్ థియేటర్లోకి బయటి చెప్పులతో వస్తే డాక్టర్లనైనా నిలబెట్టి కడిగేసే నర్సువి నువ్వు. నన్నేమంటావో నాకు తెలుసు.

థీసిస్ చూసే మా సారుకి చెప్పాను. ఆయన మొదట గది తలుపు వేయించారు.

"పక్షుల కాళ్లకి అంటుకుని వచ్చిందని రాసెయ్యమ్మా. ఎవరు చూడొచ్చారు?" అన్నారు.

అలా రాస్తే ఈ ఏడే డాక్టరేటు. రాయకపోతే ఇంకో తేట చెరువు వెతుక్కుని మళ్లీ మొదటికి రావాలి. సారు మీద వచ్చిన కోపం కంటే నా మీద నాకు వచ్చిందే ఎక్కువ, ఎందుకంటే ఆ పక్షుల వాక్యం రాద్దామనే రెండు పూటలు కూర్చున్నాను.

చెరువుని పాడుచేసేవాళ్ల గురించిన అధ్యాయంలో హోటళ్లవాళ్లనీ, బట్టలుతికేవాళ్లనీ, పడవవాళ్లనీ ఎప్పుడో ఎక్కించాను. ఒడ్డున నిలబడి వాళ్లకి ఎన్ని నీతులు చెప్పానో! ఈ ఉదయం వాళ్ల పక్కనే పరిశోధకురాలి తడి వలని కూడా చేర్చి, సారు బల్ల మీద పెట్టి వచ్చాను. ఇంకా పిలుపు రాలేదు.

అందుకని ఎప్పుడవుతుందని అడక్కు. రేపు మళ్లీ కలుపు పీకడానికి కొండెక్కుతున్నాను. మీ థియేటర్లో వేసుకునే రబ్బరు తొడుగులు ఓ పెట్టె కొని పంపు. కొత్తవే పంపు, వాడినవి వద్దు.

ఇట్లు,
నీ బురద చెల్లి