ఆషాఢంలో ఫ్యాన్ల నిషేధం

జూన్ 27, శుక్రవారం. కోరుట్ల.

ఆషాఢం ప్రవేశించింది. ముహూర్తాలు లేవు, ఫంక్షన్ హాళ్లు ఖాళీ. నాలుగు గోడల మధ్య ఎగరేసే తేలిక విమానాల పోటీకి ఏడాదిలో ఇదే అదను. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఔత్సాహికులకు జూలై 20న మా ఊరి హాల్లో పోటీ.

నా విమానం వివరాలు: బాల్సా అనే దూదిలాంటి తేలిక కర్ర పుల్లలు, ఉల్లిపొర వంటి ప్లాస్టిక్ రెక్క, మెలితిప్పిన రబ్బరుతో తిరిగే ప్రొపెల్లర్. బరువు రెండు చింతగింజలంత. పక్కన ఎవరైనా నిట్టూర్చినా దారి తప్పుతుంది. నిరుడు అర నిమిషంలోనే నేలకు దిగింది. ఈ విషయాన్ని మా బామ్మర్ది, సిరిసిల్ల జలపతి, ఇప్పటిదాకా మూడు పెళ్లిళ్లలో ప్రస్తావించాడు.

కనుక ఉత్తర్వు. పోటీ ముగిసేదాకా ఇంట్లో ఫ్యాన్లు నిషేధం. నడిమి అర్ర కర్మాగారంగా స్వాధీనం. ఆ అర్రలో ఉంటున్న మా అత్తగారు ముత్తవ్వగారి మంచం వరండాకు బదిలీ. (సిరిసిల్లలో కొడుకింటి పక్కన బట్ట నేసే సాంచల చప్పుడుకు నిద్ర పట్టక ఆమె మా దగ్గరే ఉంటున్నారు.)

ముత్తవ్వగారు అభ్యంతరం తెలిపారు. పరిశీలించి హామీ ఇచ్చాను: విమానం రెండు నిమిషాలు గాలిలో నిలవకుంటే అర్ర, ఫ్యానుతో సహా, శాశ్వతంగా ఆమెది. ఆపైన ఇంట్లో బాల్సా పుల్ల కనబడదు. సాక్షి నా భార్య ఉమారాణి. ఆమె ముఖంలో అంత సంతోషం దేనికో తెలియరాలేదు.

జూన్ 29

నిషేధం సంపూర్ణం! వాన గాలికి మధ్యాహ్నం కరెంటు కూడా పోయింది. పైనుంచి లభించిన మద్దతుగా స్వీకరించాను. చెమట ఆరోగ్యానికి మంచిదని ఎక్కడో చదివాను. ఎక్కడో వెతకాలి.

జూలై 3

మొదటి సవరణ. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని బయటికి పంపుతుంది తప్ప లోపలికి తేదు. కాబట్టి నిషేధ పరిధిలోకి రాదు. ఆ సమయంలో ఉమారాణి చేతిలో అట్లకాడ ఉన్నమాట నిజమే. నిర్ణయానికి దానితో సంబంధం లేదు.

జూలై 8

రెండో సవరణ. రెక్క జిగురు ఆరడానికి స్వల్పంగా గాలి అవసరం. ఫ్యాన్ ఒకటో నంబరులో, నా ప్రత్యక్ష పర్యవేక్షణలో. పర్యవేక్షణ పడుకుని జరిగింది. లేచేసరికి సాయంత్రమైంది. ఫ్యాన్ ఐదులో ఉంది. రెక్క అల్మారా వెనక ఉంది.

వరండా నుంచి అత్తగారు విచారించారు.

"జిగురు ఆరిందా అల్లుడా? గురక ఈడిదాంక ఇనబడ్డది."

జూలై 13

పోచమ్మ బోనాలు. చుట్టాలు వచ్చారు. గడప దాటిన మనిషికి మొదట చెంబెడు నీళ్లు, ఆ వెంటనే ఫ్యాను. ఈ వరుసను ఏ ఉత్తర్వూ మార్చలేదని తేలింది. చుట్టాలు వెళ్లాక ఫ్యాన్లు ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు. నిషేధం రద్దు కాలేదు. అమలు మాత్రమే నిలిచింది.

జూలై 20, ఆదివారం

హాలు తలుపులు మూశారు. ఫ్యాన్లు ఆపారు. లోపల ఇడ్లీ కుక్కర్ వాతావరణం.

జలపతి విమానం నిమిషంన్నర తిరిగి దిగింది. తరువాత నా వంతు. హామీ సంగతి కళ్లారా తేల్చుకోవడానికి వచ్చిన అత్తగారు ముందు వరుసలో కూర్చుని కొంగుతో విసురుకుంటున్నారు. నేను విమానం వదలగానే ఆ కొంగు ఆగింది.

విమానం లేచింది. మండపం మీదుగా, పోయిన పెళ్లి తాలూకు వాడిన పూలదండల మీదుగా, ఏ తొందరా లేకుండా తిరిగింది. నిమిషం. నిమిషంన్నర. జలపతి లేచి నిలబడ్డాడు.

అప్పుడే హాలు వాచ్‌మన్ సాయిలు లోపలికి వచ్చాడు. ముందు వరుసలో ఒక పెద్దావిడ చెమటతో తడిసి కూర్చుని ఉంది. పెళ్లివారు వచ్చినప్పుడు చేసే పనే చేశాడు. బోర్డు మీది స్విచ్చులన్నీ వేశాడు.

విమానం పడితే అర్ర దక్కే వ్యక్తే కుర్చీలోంచి లేచింది.

"ఓ అయ్యా, ఫ్యాన్లు బంద్ చెయ్యి. మా అల్లుని ఇమానం పడుతది."

పడింది. రెండు నిమిషాలకు ఎనిమిది సెకన్లు తక్కువ.

సాయిలు చిన్నబోయాడు. "అవ్వకు ఉక్కపోస్తుందని ఏసిన సారూ."

అతనిపై చర్యకు ఆధారాలు లేవు. ముత్తవ్వగారికి ఉక్కపోస్తుందని ఈ మూడు వారాల్లో గుర్తించిన మొదటి మనిషి అతనే.

జూలై 21

హామీ మేరకు అర్ర అప్పగింత. మంచం నేనే మోశాను. బాల్సా పుల్లలు మూట గట్టి అటకెక్కించాను. అత్తగారు ఆ మూటను నాతోనే దింపించారు.

"నేను ఊపిరి బిగవట్టుకోని సూసిన అల్లుడా. మంచిగనే ఎగిరింది. గీ అర్రల్నే ఓ మూలకు కూసోని చేసుకో. ఫ్యాన్ స్విచ్చి మాత్రం నా చేతిల ఉంటది."

కొత్త ఉత్తర్వు: వచ్చే ఆషాఢం పోటీ దాకా ఇంట్లో ఫ్యాన్లు నిషేధం. మినహాయింపులు లేవు. సవరణలు లేవు. దీన్ని నడిమి అర్రలో ఫ్యాన్ కిందనే కూర్చుని రాశాను. కాగితం ఎగరకుండా అత్తగారు తమ వక్కల డబ్బా బరువు పెట్టారు. రాయడం పూర్తయ్యాక ఆమోదానికి ఆమెకే చదివి వినిపించాను.

"రేపటి సంది," అన్నారు ఆమె, ఫ్యాన్‌ను ఐదుకు తిప్పుతూ.