ఆస్ట్రియా సార్ సంగీతం, నా ఫ్యాన్ బెల్టు

గురువారం రాత్రి, రూవి

ఈరోజు బహ్లా కోట చూపించడానికి నేను నడిపే గల్ఫ్ టూరిస్టు కంపెనీ బండిలో తీసుకెళ్లిన ఆస్ట్రియా పెద్దాయన నలభై ఏళ్లుగా సంగీతం రాస్తున్నారట. "ఎన్ని సినిమాలకు చేశారు సార్?" అని వచ్చీరాని ఇంగ్లిష్‌లో అడిగాను. ఒక్కదానికీ చేయలేదన్నారు. పాపం అనిపించింది.

కాసేపటికి కీచుమని చప్పుడు మొదలైంది. ఫ్యాన్ బెల్టు పోయిందనుకుని రోడ్డు పక్కన ఆపి, ఆ ఎండలో బానెట్ ఎత్తి వెతికాను. బెల్టు బాగానే ఉంది. తిరిగొచ్చి కూర్చుంటే, ఇంజను ఆపి ఉన్నా చప్పుడు వస్తూనే ఉంది! అప్పుడు చూశాను, ఆయన ఫోను కారు స్పీకర్లకు కలిపి ఉంది.

"ఇది నేను రాసిందే," అన్నారు మెల్లగా.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం కళ్ల నీళ్లొచ్చేలా నవ్వారు. "మా ఊళ్లో జనం కచేరీ మధ్యలోనే లేచి వెళ్లిపోతారు. మీరు వెళ్లినా తిరిగొచ్చారు."

రూమ్‌లో ఉండే నర్సన్నకు చెబితే, "కంపెనీల కంప్లైంట్ ఇస్తడు. నీ డ్యూటీ పోయినట్టే పో!" అన్నాడు. అన్నం సహించలేదు.

ఇందాక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రేపు ఇబ్రికి కూడా నన్నే పంపమన్నారట ఆ సార్. హమ్మయ్య, ఉద్యోగం నిలిచింది. కానీ ఇబ్రి దాకా మూడు గంటల దారి. ఆయన ఇంకా ఎన్ని రాశారో అడగనే లేదు…