పెరట్లో పాతిన గొట్టం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నిజమో కాదో చివరిదాకా చదివి నువ్వే చెప్పు.

అడిగావు కదా, మీ బావ దగ్గు తగ్గింది. నీ మేనకోడలు పాకడం నేర్చింది. వదిలితే చాలు, కన్నుమూసి తెరిచేలోగా పెరటి గుమ్మం దగ్గర ఉంటుంది. ఆ పెరడంటేనే నాకు గుబులు.

మా కాళ్ల కింద రెండు కిలోమీటర్ల లోతున ఉప్పునీళ్లు నిండిన ఇసుకరాయి ఉందని, ఫ్యాక్టరీ పొగలోంచి తీసిన కార్బన్ డయాక్సైడ్‌ని, అదే మనం బడిలో చదివిన బొగ్గుపులుసు వాయువుని, మీ కంపెనీ అందులోకి ఎక్కిస్తోందని, పైన గట్టి రాయి మూతలా ఉంది కాబట్టి భయం లేదని ఓపిగ్గా వివరించావు. బాగానే ఉంది. మూత పెడితే పాలు పొంగవట్రా? పైకి వస్తే దానికి వాసన ఉండదని, బరువు కాబట్టి నేలబారున పేరుకుంటుందని కూడా నువ్వే చెప్పావు. మా ఇంట్లో నేలబారున తిరిగేది ఎవరో నీకు తెలుసు.

అందుకేగా మీవాళ్లు పెరట్లో గొట్టం పాతి, పైన డబ్బా బిగించింది. డబ్బా మీద ఆ వాయువు అంకె పెరిగితే మీ ఆఫీసులో అలారం మోగుతుందని, గంటలో మనుషులు వచ్చి వాలతారని రాశావు. మీ బావ అయితే సొంత తమ్ముణ్నే నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతావని నవ్వేశారు.

ఇప్పుడు అసలు సంగతి. తిట్టకు. పోయిన సోమవారం మీ బావ పనికి వెళ్లాక ఆ గొట్టానికి పక్కనున్న చిన్న మూత తీసి, నోరు పెట్టి, బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాను. మనం వదిలే ఊపిరిలోనూ ఆ వాయువే ఉంటుంది కదా. డబ్బా మీద అంకె గబగబా ఎక్కింది, ఎర్రదీపం వెలిగింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. మీవాళ్లు వస్తే ఏం బొంకాలో కూడా సిద్ధం చేసుకుని, కుర్చీలు వేసి, టీకి నీళ్లు పెట్టాను.

ఎవరూ రాలేదు. మర్నాడు మళ్లీ ఊదాను. అప్పుడూ రాలేదు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది, శుక్రవారం రాసింది. "ఈ వారమంతా డ్యూటీ నాదే. మీ పెరటి అంకె రోజూ నేనే చూస్తున్నాను, ఇసుమంత కూడా కదల్లేదు. నిశ్చింతగా ఉండు అక్కా" అని రాశావు.

అయితే ఆ డబ్బా నీతో మాట్లాడటం లేదు, లేదంటే నువ్వు నాతో నిజం మాట్లాడటం లేదు. మొదటిదే అయ్యుండాలని దేవుడికి మొక్కుకుంటున్నాను. ఫోన్లో అడిగితే నీ పక్కన ఎవరుంటారో అని ఇలా రాస్తున్నాను.

భయంగా ఉందిరా. నిన్నట్నుంచి పాపని చంకలోంచి దించడం లేదు. ఇంకో ఉత్తరంలో ధైర్యం చెప్పకు. నువ్వే వచ్చి, నీ చేత్తో దాన్ని నేల మీదికి దించు.

ఇట్లు,
నిన్ను నమ్మాలనే ఉన్న
నీ అక్క