నా గొంతు తీయలేదు

అప్పా,

మేడమీద నా కంప్యూటర్ ఆపొద్దు. తెర కదలకుండా నిలిచిపోయినట్టు కనిపిస్తుంది, లోపలి ఫ్యాను రాగులు ఆడించే మిషన్‌లా మోగుతుంది. అది చెడిపోలేదు. నేను తుపాకుల ఆట ఆడి రికార్డు చేసినదంతా వీడియోగా తయారవుతోంది. సాయంత్రం దాకా పడుతుంది. కరెంటు పోతే యూపీఎస్ పది నిమిషాలే పనిచేస్తుంది, వెంటనే అంగడి జనరేటర్ వేయించు.

మొన్న నువ్వు చూసినప్పుడు, ఆటలో నేను చటుక్కున తిరిగిన చోటల్లా బొమ్మ చీలిపోయి పచ్చ గళ్లు పడ్డాయి. "ఇంగ ఇది అయ్యే పని కాదమ్మా, వచ్చి అంగట్లో కూచో" అన్నావు. కారణం దొరికింది. రికార్డింగ్ వేగం ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉంది. ముందు దాన్నంతా ఒకే వేగానికి మార్చాను. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డుకు ఇవ్వకుండా ప్రాసెసర్‌తోనే చేయిస్తున్నాను. నెమ్మదిగా అవుతుంది, కానీ ఒక్క మచ్చ కూడా లేదు.

ఆడేటప్పుడు నేను అరిచింది వీడియోలోంచి తీసేయమన్నావు, ఆ నా గొంతు మాత్రం తీయలేదు. "ఆడపిల్ల అట్ల అరిస్తే బజార్లో నలుగురూ యేమనుకొంటారు?" అన్నావు. నువ్వు అంగట్లో అరిస్తే గడియారం స్తంభం దాకా వినిపిస్తుంది. నాకు వచ్చింది నీ గొంతే.

నేను బెంగళూరులో ఈ తుపాకుల ఆట పోటీకి పోతున్నాను. అడిగితే వద్దంటావని అడగలేదు. అమ్మకు తెలుసు, ఆమెను తిట్టొద్దు. బీపీ మాత్ర వేసుకో.

శృతి

ఇంకొక మాట. వీడియో పూర్తయితే తెర మీదే కనిపిస్తుంది. చూస్తే సౌండు పెట్టుకొని చూడు, లేకపోతే అసలు చూడొద్దు.